28.6 డిగ్రీల దగ్గరి పీక్: ఎల్‌ఎల్‌జెడ్‌ఓ మీద ఒక ఎక్స్‌ఆర్‌డీ ప్రాజెక్టు డైరీ

జూన్‌లో మొదలుపెట్టిన పని ఆగస్టు చివరికి ఒక దారికి వచ్చింది. ఎక్స్‌ఆర్‌డీ అంటే పదార్థం మీద ఎక్స్‌రేలు వేసి, అవి ఏ కోణాల్లో బలంగా తిరిగొస్తాయో గ్రాఫ్ గీసే పద్ధతి. గ్రాఫ్‌లో లేచే కొమ్మే పీక్. ఈ మూడు నెలల్లో ఒకే పీక్‌కు నేను నాలుగు రకాల కారణాలు చెప్పాను. మొదటిది పూర్తిగా తప్పు, తర్వాతి రెండూ సగం సగం నిజం. ఇదే పదార్థం చేసేవాళ్లకు నా పెల్లెట్ల (పొడి ఒత్తి కాల్చిన బిళ్లల) కంటే నా తప్పులే ఎక్కువ పనికొస్తాయని వాటినే వివరంగా రాస్తున్నాను.

దశ 0: చేతిలో ఉన్నవి

పదార్థం పేరు ఎల్‌ఎల్‌జెడ్‌ఓ. అంటే లిథియం 7, లాంథనం 3, జిర్కోనియం 2, ఆక్సిజన్ 12. గార్నెట్ నిర్మాణం. ఘన బ్యాటరీల్లో ద్రవ ఎలక్ట్రొలైట్ బదులు వాడొచ్చని దీని మీద ప్రపంచమంతా పని జరుగుతోంది. 2007లో మురుగన్, తంగదురై, వెప్నర్ దీన్ని మొదటిసారి రిపోర్ట్ చేశారు. ఇది రెండు రూపాల్లో వస్తుంది. క్యూబిక్ రూపంలో (స్ఫటికం అంచులు మూడూ సమానం) లిథియం అయాన్లు బాగా కదులుతాయి. టెట్రాగోనల్ రూపంలో (ఒక అంచు వేరు, అందుకే కొన్ని పీక్‌లు జంటలుగా చీలతాయి) వాహకత సుమారు వంద రెట్లు తక్కువ. గది ఉష్ణోగ్రత దగ్గర క్యూబిక్ నిలబడాలంటే కొంచెం అల్యూమినియం లాంటిది కలపాలి. అందుకే నేను ఎంచుకున్న ఫార్ములాలో లిథియం 6.25, అల్యూమినియం 0.25.

చేసింది ఏ రూపమో, అందులో కల్తీ ఎంతో ఎక్స్‌ఆర్‌డీతో తేల్చడం నా వంతు. డిపార్ట్‌మెంట్ మెషీన్‌లో కాపర్ ట్యూబ్, గోనియోమీటర్ (కోణాలు కొలిచే చక్రం) వ్యాసార్థం 240 మి.మీ. మామూలు స్కాన్‌కు ₹200. వారానికి రెండు స్లాట్లు దొరికితే అదృష్టం.

బెంచ్ మీద గోడకు అంటించుకున్న చీటీ ఇది. ఎవరైనా ఈ పని మొదలుపెడితే ముందు ఈ చీటీ రాసుకోండి. నేను రాసుకున్నది రెండో బ్యాచ్ పాడయ్యాక. కాపర్ కే ఆల్ఫా 1 (కాపర్ ట్యూబ్ ఇచ్చే ప్రధాన ఎక్స్‌రే, తరంగదైర్ఘ్యం 1.5406 ఆంగ్‌స్ట్రామ్)కి 2థీటా, అంటే పీక్ కోణం, విలువలు డిగ్రీల్లో. బ్రాకెట్లలోవి పీక్‌ను ఇచ్చే పరమాణు పొరల గుర్తులు:

- క్యూబిక్: (211) 16.73, (321) 25.68, (400) 27.49, (420) 30.81, (422) 33.83
- టెట్రాగోనల్: (211) 16.63, (112) 16.93, (400) 27.14, (004) 28.16
- లాంథనం జిర్కోనేట్ (కల్తీ): (222) 28.61, (400) 33.15, (440) 47.59

దశ 1: మొదటి బ్యాచ్, తప్పు పీక్, తప్పు పేరు

0.01 మోల్‌కు తూకాలు:

1. లిథియం కార్బొనేట్ 2.540 గ్రా. (లెక్కకు 2.309. ఎగిరిపోతుందని 10 శాతం అదనం)
2. లాంథనం ఆక్సైడ్ 4.887 గ్రా.
3. జిర్కోనియం ఆక్సైడ్ 2.464 గ్రా.
4. అల్యూమినియం ఆక్సైడ్ 0.127 గ్రా.

మొత్తం 10.018 గ్రా. అగేట్ కల్వంలో ఐసోప్రొపనాల్ పోసి 45 నిమిషాలు నూరాను. అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) క్రూసిబుల్‌లో 900° సె. దగ్గర 6 గంటలు. మళ్లీ నూరి, పెల్లెట్లు ఒత్తి, 1150° సె. దగ్గర 12 గంటలు. ఒక పెల్లెట్ క్రూసిబుల్ అడుగుకు అతుక్కుపోయింది. పొడిచి తీస్తే క్రూసిబుల్ పగిలింది. లిథియం అల్యూమినాను తింటుందని చదివే ఉన్నాను. చదవడం వేరు, స్పాచులాతో గీకడం వేరు.

పెల్లెట్ నూరి స్కాన్ చేయించాను. 10 నుంచి 80 డిగ్రీలు, 0.02 మెట్టు, మెట్టుకు అర సెకను, మొత్తం 29 నిమిషాలు. వచ్చిన ప్యాటర్న్‌లో 20–30 డిగ్రీల మధ్య ఒక పెద్ద ఉబ్బు. దాని మీద 27.30 దగ్గర ఒక పీక్, 28.43 దగ్గర ఇంకో పీక్.

నేనేం అనుకున్నానంటే: టెట్రాగోనల్‌లో (400), (004) జంట ఉండాలి కదా, రెంటి మధ్య దూరం 1.02. నాకు వచ్చింది 1.13. మెషీన్ కొంచెం జరిగి ఉంటుంది. కాబట్టి ఇది టెట్రాగోనల్, అల్యూమినియం సరిగా కలవలేదు. గ్రూప్ మీటింగ్‌లో స్లైడ్ కూడా పెట్టేశాను. మేడం స్లైడ్ వంక కాసేపు చూసి, "16.7 దగ్గర పీక్ ఒకటే ఉందే, అది ఎందుకు చీలలేదు?" అని అడిగారు. సమాధానం లేదు.

టెట్రాగోనల్ అయితే జంటలన్నీ చీలాలి. 16.63, 16.93 విడివిడిగా కనబడాలి. నా ప్యాటర్న్‌లో ఒకే ఒక్క సన్నటి పీక్. ఒక జంటను చూసి పేరు పెట్టి, మిగతా జంటల్ని చూడకపోవడమే నా పొరపాటు. 28.43 దగ్గర ఉన్నది టెట్రాగోనల్ కాదు, కిందికి జరిగిన జిర్కోనేట్. 27.30 దగ్గరున్నది క్యూబిక్ (400), అదీ కిందికి జరిగినదే. క్యూబిక్ (400)కి, జిర్కోనేట్ (222)కి మధ్య దూరం 1.12. చీటీ ముందుంటే ఆ రోజే తెలిసేది.

మరి జరగడం ఎందుకు? మెషీన్ చూసుకునే అన్న దగ్గరికి వెళ్తే ఆయన నా హోల్డర్ తీసి, స్టీలు స్కేలు అంచు దాని మీద అడ్డంగా పెట్టి, ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి పట్టుకున్నారు. స్కేలుకీ పొడికీ మధ్య నుంచి వెలుతురు సన్నగా కనబడుతోంది.

"ఏమ్మా, గుంటలో పెట్టావేంటి? అంచుకు సమానంగా ఉండాలి."

"గట్టిగా ఒత్తితే కదలదని ఒత్తాను అన్నా."

"ఒత్తితే దిగుతుంది కదమ్మా. దిగాక మళ్లీ పొయ్యాలి."

ఆయన డ్రాయర్‌లో బైకు మెకానిక్‌లు వాడే ఫీలర్ గేజ్ ఉంది. 0.4 మి.మీ. ఆకు సందులో సుఖంగా దూరింది. లెక్క ఇలా ఉంటుంది: ఎత్తులో తేడాను రెండింతలు చేసి, వ్యాసార్థంతో భాగించి, కొసైన్ థీటాతో (థీటా అంటే పీక్ కోణంలో సగం) గుణించాలి. 0.8 బై 240 అంటే 0.0033 రేడియన్లు, అంటే 0.19 డిగ్రీలు. 28 డిగ్రీల దగ్గర కొసైన్‌తో గుణిస్తే 0.185. పొడి దిగితే పీక్‌లు తక్కువ కోణానికి పోతాయి, ఎత్తుగా ఉంటే ఎక్కువ కోణానికి. 28.61 లోంచి 0.185 తీసేస్తే సరిగ్గా 28.43 దగ్గర తేలుతుంది.

ఇక ఆ ఉబ్బు గాజు హోల్డర్‌ది. స్లిట్ (బీమ్ వెడల్పును అదుపు చేసే సందు) 1 డిగ్రీ పెట్టాం. 16.7 డిగ్రీల దగ్గర బీమ్ శాంపిల్ మీద పరుచుకునే పొడవు సుమారు 29 మి.మీ. నా గుంట వెడల్పు 20. మిగతా బీమ్ గాజు మీద పడుతోంది. మార్చినవి:

1. స్లిట్ అర డిగ్రీకి తగ్గించాం. పరుపు 14–15 మి.మీ.కు వచ్చింది.
2. గాజు హోల్డర్ బదులు, ఒక ప్రత్యేక దిశలో కోసిన సిలికాన్ పలకతో చేసిన జీరో బ్యాక్‌గ్రౌండ్ హోల్డర్.
3. పొడి నింపాక స్లైడ్ అంచుతో ఒకసారి గీసి, స్కేలు పెట్టి వెలుతురు చూడటం. ఇడ్లీ రేకులో పిండి పోసినట్టు గుట్టగా పోసినా తప్పే, గుంటగా ఒత్తినా తప్పే.

మళ్లీ నింపి స్కాన్ చేస్తే ఉబ్బు పోయింది. 27.48, 28.60. పేరు తేలింది. జిర్కోనేట్ 23 శాతం బరువు (జీసాస్-2 సాఫ్ట్‌వేర్‌లో, మొత్తం ప్యాటర్న్‌ను మోడల్‌తో సరిపోల్చే రీట్‌వెల్డ్ పద్ధతితో). నాలుగో వంతు కల్తీ!

ఇప్పటివరకు: ఫర్నేస్ 18 గంటలు (నిలిపి ఉంచిన సమయం మాత్రమే), స్కాన్లు 3, ₹600, లాంథనం ఆక్సైడ్ 4.89 గ్రా., పగిలిన క్రూసిబుల్ 1.

దశ 2: సీసాలో ఉన్నది లేబుల్ మీద ఉన్నది కాదు

పేరు తేలాక కారణం కావాలి. జిర్కోనేట్‌లో లాంథనం, జిర్కోనియం సమానం. ఎల్‌ఎల్‌జెడ్‌ఓలో 3కి 2. అంటే లాంథనం తక్కువైనా జిర్కోనేట్ వస్తుంది, లిథియం ఎగిరిపోయినా వస్తుంది. ఏది?

నేను లిథియం అనే అనుకున్నాను. పేపర్లన్నీ అదే గోల పెడతాయి. అదనం 10 నుంచి 20 శాతానికి పెంచబోతుంటే ఒక సీనియర్ అక్క, "లాంథనం ఆక్సైడ్ కాల్చావా?" అని అడిగింది. కాల్చలేదు. సీసా మూత తీసి ఎన్నేళ్లయిందో లేబుల్ చూస్తే రెండేళ్ల కిందటి తేదీ ఉంది.

లాంథనం ఆక్సైడ్ గాలిలోని తేమను పీల్చి హైడ్రాక్సైడ్ అవుతుంది. చూడటానికి అదే తెల్లటి పొడి. సీసాలోంచి నేరుగా తీసి స్కాన్ చేస్తే హైడ్రాక్సైడ్ పీక్‌లు 15.7, 27.3, 28.0 దగ్గర బారులు తీరి ఉన్నాయి. ఈ ప్రాజెక్టులో ప్రతి దానికీ 27, 28 డిగ్రీల మధ్యే చోటు కావాలి. ఎందుకో!

1. 6.00 గ్రా. తూచి, 900° సె. దగ్గర 10 గంటలు.
2. 200° సె.కు చల్లారగానే పటకారుతో తీసి డెసికేటర్‌లోకి (తేమ చేరనివ్వని మూత పాత్ర).
3. గోరువెచ్చగా ఉండగానే తూకం: 5.48 గ్రా.

తరుగు 0.52, అంటే 8.7 శాతం. పూర్తిగా హైడ్రాక్సైడ్ అయి ఉంటే 14.2 శాతం తగ్గేది. కాబట్టి సీసాలో సగానికి పైగా మారిపోయింది. మొదటి బ్యాచ్‌లో 4.887 గ్రాములని వేసినదాంట్లో అసలు ఆక్సైడ్ 4.46 గ్రాములే.

ఇక్కడ ఒక లెక్క చేశాను, ఈ డైరీ మొత్తంలో నాకు బాగా నచ్చిన లెక్క ఇదే. లాంథనం 3 బదులు 2.74, జిర్కోనియం 2. ఎల్‌ఎల్‌జెడ్‌ఓ ఎక్స్ మోల్, జిర్కోనేట్ వై మోల్ అనుకుంటే:

- లాంథనం: 3ఎక్స్ + 2వై = 2.74
- జిర్కోనియం: 2ఎక్స్ + 2వై = 2

ఎక్స్ 0.74, వై 0.26. మోలార్ బరువులు 841, 572 తో గుణిస్తే జిర్కోనేట్ 19 శాతం. ఎక్స్‌ఆర్‌డీ చెప్పింది 23. తడిసిన సీసా ఒక్కటే దాదాపు మొత్తం కల్తీని ఇచ్చేసింది. నేను లిథియం పెంచుకుంటూ పోయి ఉంటే ఎన్ని బ్యాచ్‌లు చేసినా 19 కిందికి వచ్చేది కాదు. మిగిలిన 4 శాతానికి మాత్రమే లిథియాన్ని అనుమానించాలి.

కాల్చిన ఆక్సైడ్‌తో, లిథియం అదనం 10 శాతం అలాగే ఉంచి, రెండో బ్యాచ్. ఒకేసారి రెండు మార్చకూడదని మేడం గట్టిగా చెప్పారు. మార్చి ఉంటే ఏది పనిచేసిందో నాకు ఈ రోజుకీ తెలిసేది కాదు. ఈసారి పెల్లెట్‌ను నూరకుండా అలాగే హోల్డర్‌లో మైనంతో నిలబెట్టి స్కాన్ చేయించాను. జిర్కోనేట్ 12 శాతం. 4 రావాల్సింది 12!

ఇప్పటివరకు: ఫర్నేస్ 46 గంటలు, స్కాన్లు 5, ₹1000, లాంథనం ఆక్సైడ్ 10.89 గ్రా.

దశ 3: కొలబద్ద కోసం వెళ్లి కొత్త చిక్కు

12 ఎందుకో తెలియక, ముందు నా కొలతలనే అనుమానించాను. పెల్లెట్‌ను కంటి అంచనాతో నిలబెట్టాను, ఎత్తు ఎంతో తెలియదు. అందుకే శాంపిల్‌లోనే ఒక ప్రామాణిక పొడి కలిపి, దాని పీక్‌లతో సరిచూద్దామనుకున్నాను. ల్యాబ్‌లో సిలికాన్ పొడి ఉంది. పెల్లెట్ ముక్క ఒకటి నూరి, 10 శాతం సిలికాన్ కలిపి స్కాన్ చేశాను.

సిలికాన్ మొదటి పీక్ ఎక్కడ వస్తుంది? 28.44 దగ్గర. నేను వెతుకుతున్న జిర్కోనేట్ 28.61. సిలికాన్ పీక్ తాటిచెట్టులా లేచి, దాని భుజం కింద జిర్కోనేట్ మునిగిపోయింది. ₹200, ఒక స్లాట్, అర గ్రాము మంచి పొడి గంగలో కలిశాయి. కలిపే ముందు చీటీలో ఒక్క అంకె చూసుకుంటే సరిపోయేది.

తర్వాత లాంథనం హెక్సాబోరైడ్ తీసుకున్నాను. అది 21.36, 30.38, 37.44, 43.51 దగ్గర వస్తుంది. క్యూబిక్ పీక్‌లు 30.81, 37.97, 42.95, 44.13. ఎక్కడా గుద్దుకోలేదు. ముందు దాన్ని ఒంటరిగా స్కాన్ చేసి మెషీన్ పీక్‌ల వెడల్పు, ఆకారం రాసిపెట్టుకున్నాను. రీట్‌వెల్డ్‌లో అవి తర్వాత చాలా పనికొచ్చాయి. ఆ తర్వాత పెల్లెట్ పొడిలో కలిపి ఇంకో స్కాన్.

ఇంతలో ఇంకో చిన్న భయం. 80 డిగ్రీల దగ్గర ప్రతి పీక్ రెండుగా చీలినట్టుంది. టెట్రాగోనల్ మళ్లీ వచ్చిందా అని టెన్షన్ పడ్డాను. కాదు, అది కాపర్ కే ఆల్ఫా 2, అదే ట్యూబ్ నుంచి కాస్త వేరే తరంగదైర్ఘ్యంతో వచ్చే రెండో ఎక్స్‌రే. 27 డిగ్రీల దగ్గర ఆ చీలిక 0.07 మాత్రమే, కంటికి ఆనదు. 80 దగ్గర 0.24 అవుతుంది, స్పష్టంగా కనబడుతుంది. హెక్సాబోరైడ్ పీక్‌లు కూడా అలాగే చీలాయి కాబట్టి వెంటనే అర్థమైంది.

హెక్సాబోరైడ్ కలిపిన పొడి స్కాన్‌లో ఎత్తు తేడా 0.03 మి.మీ. లోపు. జిర్కోనేట్ 2 శాతం.

2! అదే పెల్లెట్, అదే బ్యాచ్. నూరకుండా పెడితే 12, నూరి పెడితే 2.

ఇప్పటివరకు: ఫర్నేస్ 46 గంటలు, స్కాన్లు 8, ₹1600.

దశ 4: మెషీన్ చూసింది చర్మాన్నే

పెల్లెట్ మందం 1.4 మి.మీ. ఎక్స్‌రే అంతా లోపలికి పోతుందని ఎందుకు అనుకున్నానో నాకే తెలియదు. ఆస్పత్రిలో ఎక్స్‌రే ఎముక దాకా పోతుంది కాబట్టి కాబోలు. కాపర్ ట్యూబ్ కిరణాలకు లాంథనం పెద్ద అడ్డుగోడ. ఈ పదార్థంలో, 28 డిగ్రీల దగ్గర, పీక్‌కు వచ్చే సిగ్నల్ దాదాపు అంతా పైపై మూడు నాలుగు మైక్రాన్ల నుంచే. తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా కాదు. 1150° దగ్గర 12 గంటలు కూర్చున్న పెల్లెట్‌లో లిథియం ముందుగా ఎగిరిపోయేది సరిగ్గా ఆ పొర నుంచే. నేను కొలిచింది పెల్లెట్‌ను కాదు, దాని చర్మాన్ని.

మిగిలిన పెల్లెట్‌ను ఎమెరీ కాగితం మీద రుద్ది, మైక్రోమీటర్‌తో మందం చూస్తూ పొర తర్వాత పొర తీశాను. నీళ్లు వాడలేదు. నీటితో లిథియం బయటికొచ్చేస్తుంది. పొడిగానే, మాస్క్ పెట్టుకుని, ఫ్యూమ్ హుడ్ కింద.

- రుద్దకముందు: 12 శాతం
- 0.1 మి.మీ. తీశాక: 4 శాతం
- 0.3 మి.మీ. తీశాక: 2 శాతం

రుద్దుతున్నప్పుడు ఒకటి గమనించాను. పై చర్మం సుద్దలా మెత్తగా, తెల్లగా రాలింది. లోపలికి వెళ్లేకొద్దీ కాగితం మీద చప్పుడు మారింది, గరగరమని గట్టిగా వినిపించింది. అప్పుడు పొడి కూడా లేత దంతం రంగులో ఉంది. ఆ తర్వాత స్కాన్‌కు ముందే ఎక్కడ ఆపాలో చెవితో చెప్పగలిగాను.

మూడో బ్యాచ్‌లో మార్పులు:

1. లిథియం అదనం 15 శాతం (లిథియం కార్బొనేట్ 2.655 గ్రా.).
2. పెల్లెట్‌ను అదే కూర్పు పొడిలో పూర్తిగా పూడ్చడం. ఆవిరయ్యే లిథియం ముందు ఆ పొడి నుంచి పోతుంది, పెల్లెట్ నుంచి కాదు. పెల్లెట్‌కు రెట్టింపు బరువు పొడి వాడాను.
3. క్రూసిబుల్‌కు మూత. మూత అంచు చుట్టూ కూడా అదే పొడి.
4. పెల్లెట్ అడుగున 2 మి.మీ. పొడి పరుపు. ఈసారి ఏదీ అతుక్కోలేదు.

ఇక్కడ రెండు విషయాలు ఒకేసారి మార్చినట్టే, ఒప్పుకుంటున్నాను. స్లాట్లు లేవు, జులై అయిపోతోంది. అదనమా, పూడ్చడమా, ఏది ఎంత పనిచేసిందో నేను విడదీయలేను.

ఫలితం: పైపొర 3 శాతం, 0.3 మి.మీ. లోపల జిర్కోనేట్ పీక్ బ్యాక్‌గ్రౌండ్ కంటే పైకి లేవలేదు. ఇంత స్కాన్‌తో 1 శాతం కంటే తక్కువ ఉంటే నాకు కనబడదు, కాబట్టి "లేదు" అని రాయలేదు, "1 శాతం లోపు" అని రాశాను.

రుద్దిన పెల్లెట్ కొలతలు: వ్యాసం 10.9 మి.మీ., మందం 1.42 మి.మీ., బరువు 0.601 గ్రా. సాంద్రత ఘన సెం.మీ.కు 4.54 గ్రా. యూనిట్ సెల్‌లో (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గడిలో) 8 ఫార్ములాలు, అంచు 12.97 ఆంగ్‌స్ట్రామ్ అనుకుంటే సిద్ధాంత సాంద్రత 5.12. అంటే 88.6 శాతం. ఇంకా గట్టిపడాలి, కానీ అది వేరే డైరీ.

ఇప్పటివరకు: ఫర్నేస్ 74 గంటలు, స్కాన్లు 12, ₹2400, లాంథనం ఆక్సైడ్ 16.89 గ్రా.

దశ 5: అసలు టెట్రాగోనల్ ఎలా ఉంటుంది?

మొదటి నెలలో తప్పుగా పేరు పెట్టిన టెట్రాగోనల్‌ను ఒక్కసారైనా కళ్లారా చూడాలనిపించింది. రెండు సార్లు కాల్చిన ఆక్సైడ్‌లో మిగిలినవి కలిపితే 1.19 గ్రా. దాన్ని మళ్లీ 4 గంటలు కాల్చి, అల్యూమినియం లేకుండా 2 గ్రాముల చిన్న బ్యాచ్ చేశాను. అల్యూమినా కాకుండా మెగ్నీషియా క్రూసిబుల్. 900° దగ్గర 6 గంటలు, 980° దగ్గర 8 గంటలు.

వచ్చింది. 27.15, 28.17. ముందుది రెండోదానికి రెట్టింపు ఎత్తు. 16.7 దగ్గర కూడా రెండు కొమ్ములు. అక్కడా ఇక్కడా అన్ని జంటలూ చీలాయి. జూన్‌లో ఈ స్కాన్ ఒకటి చేతిలో ఉంటే మీటింగ్‌లో పరువు దక్కేది.

అదే పొడిలో సగం అల్యూమినా క్రూసిబుల్‌లో, 1150° దగ్గర 12 గంటలు పెట్టాను. ఒక్క గ్రాము అల్యూమినియం కూడా నేను కలపలేదు. అయినా బయటికొచ్చింది క్యూబిక్! క్రూసిబుల్ గోడ నుంచి అల్యూమినియం లోపలికి పాకింది. మొదట్లో చాలామంది తెలియకుండానే ఇలా క్యూబిక్ చేశారని 2011లో గైగర్ బృందం చూపించింది. దీని అర్థం నా మూడు బ్యాచ్‌ల్లోనూ అల్యూమినియం నేను తూచిన 0.25 కంటే ఎక్కువే ఉండాలి. ఎంత ఎక్కువో ఎక్స్‌ఆర్‌డీ చెప్పదు. ఏ మూలకం ఎంతుందో కొలిచే ఐసీపీ పరీక్షకు శాంపిల్ పంపాను.

ఇప్పటివరకు: ఫర్నేస్ 104 గంటలు, స్కాన్లు 14, ₹2800.

దశ 6: రీట్‌వెల్డ్, అత్యాశ

మూడో బ్యాచ్ లోపలి పొడితో ఒక పెద్ద స్కాన్: 10 నుంచి 110 డిగ్రీలు, 0.02 మెట్టు, మెట్టుకు 2 సెకన్లు. 2 గంటల 47 నిమిషాలు, ₹600. పొడిని 45 మైక్రాన్ల జల్లెడ పట్టాను. మొదటి స్కాన్లలో కొన్ని పీక్‌లు అకారణంగా ఎత్తుగా ఉండేవి. పెద్ద రేణువులు తక్కువ సంఖ్యలో ఉండటమే కారణం. జల్లెడ పట్టాక సర్దుకున్నాయి.

రీట్‌వెల్డ్ అంటే మొత్తం ప్యాటర్న్‌ను ఒక మోడల్‌తో గీసి, కొలిచిన గీత మీద కూర్చోబెట్టడం. హ్యూగో రీట్‌వెల్డ్ 1969లో న్యూట్రాన్ డేటా కోసం చేసిన పద్ధతి. మోడల్‌లోని విలువలను ఏ వరసలో వదలాలో, అంటే సాఫ్ట్‌వేర్‌ను మార్చుకోనివ్వాలో, ముఖ్యం. నాకు కుదిరిన వరస:

1. స్కేల్, బ్యాక్‌గ్రౌండ్.
2. శాంపిల్ ఎత్తు తేడా. జీరో షిఫ్ట్‌ను (మెషీన్ కోణాల సున్నాలో ఉండే తేడా) హెక్సాబోరైడ్ నుంచి తెచ్చుకుని బిగించేశాను. రెండూ వదిలితే ఒకదాన్నొకటి లాక్కుంటాయి.
3. యూనిట్ సెల్ అంచు.
4. పీక్ వెడల్పు. మెషీన్ వాటా హెక్సాబోరైడ్ నుంచి, మిగతాది శాంపిల్‌ది.
5. లాంథనం, జిర్కోనియం పరమాణువుల కంపనాలు.
6. ఆక్సిజన్ స్థానం.

ఆర్‌డబ్ల్యూపీ (మోడల్‌కూ కొలతకూ మధ్య తేడా, శాతంలో) 24 నుంచి 14కు, చివరికి 9.8కి దిగింది. అంచు 12.967 ఆంగ్‌స్ట్రామ్. ఇక్కడ ఆపాల్సింది.

ఆపలేదు. బ్యాటరీ పదార్థం కదా, లిథియం ఏ స్థానంలో ఎంత ఉందో కూడా చెప్పేస్తే ఎంత బాగుంటుంది! లిథియం ఆక్యుపెన్సీలు (ఒక్కో స్థానం ఎంత వంతు నిండిందో, పూర్తిగా నిండితే 1) వదిలాను. ఒక స్థానంలో 1.31 వచ్చింది. ఒక కుర్చీలో 1.31 మంది కూర్చున్నారన్నమాట. ఇంకో స్థానంలో కంపనం విలువ మైనస్. ఆర్‌డబ్ల్యూపీ మాత్రం 9.8 నుంచి 9.5కి తగ్గింది! అంకె తగ్గింది కాబట్టి మంచిదే అనుకుని రెండు రోజులు దాంతోనే తిరిగాను.

ఎక్స్‌రే చూసేది ఎలక్ట్రాన్లను. లాంథనంలో 57, లిథియంలో 3, అయాన్ అయితే 2. జాతరలో డప్పుల పక్కన నిలబడి ఎవరో గుసగుసలాడితే వినడం లాంటిది. పైగా ఆ స్థానంలోనే అల్యూమినియం కూడా కూర్చుంటుంది, దానికి 10 ఎలక్ట్రాన్లు. కొంచెం అల్యూమినియం ఎక్కువున్నా సాఫ్ట్‌వేర్ దాన్ని "లిథియం కుర్చీ నిండిపోయింది" అని చదువుతుంది. దశ 5లో పాకిన అల్యూమినియమే 1.31గా బయటపడిందని నా అనుమానం.

లిథియం విలువలు మళ్లీ బిగించేశాను. వాటి కోసం న్యూట్రాన్లు కావాలి. మనకు ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లో పౌడర్ డిఫ్రాక్టోమీటర్లు ఉన్నాయి. మామూలు లిథియంలో 7.5 శాతం దాకా ఉండే లిథియం-6 న్యూట్రాన్లను మింగేస్తుంది కాబట్టి శాంపిల్ పరిమాణం, డబ్బా వ్యాసం చూసుకుని ప్రపోజల్ రాయాలి.

ఇప్పటివరకు: ఫర్నేస్ 104 గంటలు, స్కాన్లు 15, ₹3400.

దశ 7: ఆగస్టు, హైదరాబాద్, ముసురు

ఆ పెద్ద స్కాన్ అయ్యాక పొడిని మామూలు సీసాలో బెంచ్ మీదే వదిలేశాను. నాలుగు రోజులు ఆగకుండా ముసురు. ల్యాబ్ గోడ మీది హైగ్రోమీటర్ గాలిలో తేమ 84 శాతం చూపిస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది, ఇది గాలిలో తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని పైన లిథియం కార్బొనేట్ పొర కట్టుకుంటుందని. ఎలాగూ పాడవుతోంది కదా, ఎంత వేగంగా పాడవుతుందో చూద్దామని కొత్త పొడి కొంచెం పళ్లెంలో పరిచి 1, 3, 7 రోజులకు స్కాన్ చేశాను.

- 1వ రోజు: తేడా లేదు
- 3వ రోజు: 31.8 దగ్గర చిన్న గడ్డ
- 7వ రోజు: 31.8 స్పష్టంగా. యూనిట్ సెల్ అంచు 12.967 నుంచి 12.975

కార్బొనేట్‌కు 21.3 దగ్గర కూడా పీక్ ఉంది, కానీ అక్కడ నా హెక్సాబోరైడ్ 21.36 కూర్చుని ఉంది. అందుకే 31.8నే నమ్మాను. అంచు పెరగడం అంటే లిథియం బయటికి పోయి, దాని చోట నీటి నుంచి ప్రోటాన్ లోపలికి వస్తోందని. కార్బొనేట్ పీక్ వచ్చాక జాగ్రత్తపడితే ఆలస్యమే. పెల్లెట్ ఫర్నేస్ నుంచి 150° దగ్గర తీసి నేరుగా గ్లవ్‌బాక్స్‌కు (బయటి గాలి చొరబడని పెట్టె), అది ఖాళీ లేకపోతే వాక్యూమ్ డెసికేటర్‌కు. స్కాన్‌కు తీసిన పొడి తిరిగి సీసాలోకి పోదు, దాని మీద తేదీ రాసి పక్కన పెట్టాలి.

మొత్తం: ఫర్నేస్ 104 గంటలు, స్కాన్లు 18, ₹4000, లాంథనం ఆక్సైడ్ 16.89 గ్రా., పగిలిన క్రూసిబుల్ 1. పనికొచ్చే పెల్లెట్లు 3. వాటిలో ఒకటి ఎమెరీ కాగితం మీద చెవిపెట్టి వింటూ కొంచెం ఎక్కువ రుద్దేశాను, 0.8 మి.మీ. మిగిలింది. ఐసీపీ రిజల్ట్ ఇంకా రాలేదు. నాలుగో బ్యాచ్‌కు లాంథనం ఆక్సైడ్ రాత్రి 8 గంటలకు ఫర్నేస్‌లో పెట్టాను. ఉదయం వెళ్లి 200° దగ్గర తీయాలి.